మూడు పడవల నౌకకు ముదిమి వచ్చినప్పుడు

రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట అమెరికా, ఇంగ్లండు, ఆస్ట్రేలియా, న్యూజిలాండు దేశములలో సామాన్యగృహస్థుల పెరళ్లయందు ఒక వింత వ్యాసంగము మొలకెత్తినది. యుద్ధకాలమున విమానములకును గస్తీపడవలకును అక్కఱకు వచ్చిన జలనిరోధకములైన జిగురులును, వానితో అతికిన ప్లైవుడ్ పలకలును బజారున చౌకగా లభింపసాగుటచే, తరతరములుగా ఓడకట్టు వృత్తివారి సొత్తుగా నుండిన నౌకానిర్మాణవిద్య, ఱంపమును సుత్తియును పట్టనేర్చిన బడిపంతులుకును గుమాస్తాకును గూడ అందుబాటులోనికి వచ్చెను. నడుమ నొక పొడవైన పడవ, దాని కిరుప్రక్కల రెండు సన్నని ప్రక్కపడవలు, ఆ మూటిని కలుపు అడ్డదూలములు గల నౌకకు ట్రైమరాన్ అని పేరు. అడుగున టన్నులకొలది సీసము మోయక, తన వెడల్పుచేతనే నిలదొక్కుకొనునది యగుటచే ఇది తేలికైనది, వేగము గలది. చిన్న చిన్న భాగములుగా పెరటిలో కట్టుకొనుటకు మిక్కిలి అనువైనది.

ఈ మతమునకు ప్రవక్తవంటివాడు కాలిఫోర్నియా వాసియైన ఆర్థర్ పైవర్. ఆయన 1960లో తాను రూపొందించిన నింబుల్ అను 30 అడుగుల ట్రైమరాన్‌పై ఇద్దఱు తోడివారితో అట్లాంటిక్ సముద్రమును దాటి ఇంగ్లండు చేరెను. పిమ్మట 35 అడుగుల లోడ్‌స్టార్‌పై పసిఫిక్ దాటి న్యూజిలాండు చేరెను. ఆ యాత్రలనుగూర్చి ఆయన వ్రాసిన పుస్తకములను చదివి, ఆయన గీసిన పటములను కొని, అనేకులు తమ యింటనే నౌకలు కట్టుకొనిరి. 1968లో ఒంటరిగా కాలిఫోర్నియా తీరమునుండి బయలుదేరిన పైవర్ మరల ఎవరి కంటను పడలేదు. ఆ దశాబ్దముననే నార్మన్ క్రాస్, ఎడ్ హార్‌స్ట్‌మన్, జిమ్ బ్రౌన్ మొదలగువారు అమెరికాలోను, హెడ్లీ నికల్, లాక్ క్రౌథర్ అనువారు ఆస్ట్రేలియాలోను ఈ విద్యను తమ తమ తెఱగుల నభివృద్ధి చేయుచుండిరి.

ఆనాటి నౌకలకు నేడు ఏబది, అఱువది యేండ్ల వయస్సు వచ్చినది. కట్టినవారిలో అనేకులు గతించిరి, పటములు చెదలపాలైనవి. చేతులు మాఱి మాఱి, ఏదో యొక రేవు మూలను ఎండకు వానకు నాని, కొన్ని స్తంభము, ఇంజను, తెఱచాపల వెలకే అమ్ముడుపోవుచున్నవి. కొన్ని ఊరకనే దొరకుచున్నవి. అట్టి దానిని చేజిక్కించుకొన్న ఉత్సాహవంతుడు మొట్టమొదట చేయు పని, అంగడికి పోయి ప్లైవుడ్డును జిగురును కొని తెచ్చుట. ఇది తలక్రిందులైన వరుస. ఆ నౌక యెవరి ఊహయో, ఎవరి చేతిపనియో, దాని బలము ఏ దారిని ప్రవహించునో తెలియకుండ ఎక్కించిన ప్రతి పలకయు దానికి బరువగునే కాని బలము కాదు.

పోలిక పట్టుట

ఇంట కట్టిన నౌకకు కర్తలిద్దఱు: పటము గీసినవాడొకడు, ఆ పటమును ముందుంచుకొని చెక్క కోసినవాడొకడు. మొదటివానిని తెలిసికొనుటకు నౌక ఆకారమే సాక్ష్యము. మొత్తపు పొడవును, మొత్తపు వెడల్పును, ప్రక్కపడవల పొడవును, అడ్డుగోడల నడిమి దూరములను టేపుతో కొలిచి వ్రాసికొని, ఆనాటి నమూనాలతో పోల్చి చూడవలెను. పైవర్ నమూనాలలో నింబుల్ 30 అడుగులు, లోడ్‌స్టార్ 35 అడుగులు, విక్ట్రెస్ 40 అడుగులు. జిమ్ బ్రౌన్ రూపొందించిన సీరన్నర్లు 25, 31, 34, 37, 40 అడుగుల పొడవున నున్నవి. అయితే పొడవునొక్కదానినే నమ్మరాదు. వెనుకకొన నొక అడుగు సాగదీసిన గృహస్థులును, గదికప్పును జానెడు పైకెత్తి నౌక ముఖకవళికనే మార్చివేసిన గృహస్థులును లేకపోలేదు. మార్చుటకు కష్టమైనవి అడుగు ఆకారమును, లోపలి అమరికయును; పోలిక వానియందు వెదకవలెను.

పైవర్ నడిమి పడవ అడుగు తఱచుగా ఇంగ్లీషు ‘వి’ అక్షరమువలె రెండు చదునైన పలకలు కోణముగా కలిసినట్లుండును; అనుభవము లేనివాడు సులభముగా కట్టుటకై చేసిన ఏర్పాటది. క్రాస్ నౌకలలో అడుగు గుండ్రముగా నుండుట పరిపాటి. హార్‌స్ట్‌మన్ ట్రైస్టార్లలో గదులు, పడవలను కలుపు ఇరుప్రక్కల రెక్కలలోనికి విశాలముగా సాగి కాపురమునకు వీలుగా నుండును. సీరన్నరును గుర్తించుట సులభము: నావికుడు కూర్చుండు గుంట నౌక నడిబొడ్డున నుండును; దాని ముందొక గది, వెనుకనొక గది; క్రింద నీటిలోనికి దింపదగిన మధ్యఫలకము, దానిని మూసియుంచు నిలువు పెట్టె. తెఱచాపపైని చిహ్నమును మాత్రము కడపట చూడవలెను, ఏలయన తెఱచాపలు ఒక నౌకనుండి మఱియొక నౌకకు వలసపోవుచునే యుండును.

రెండవ కర్తయగు కట్టినవానిని తెలిసికొనుటకు చెక్కను, జిగురును, మేకులను ప్రశ్నింపవలెను. మన వడ్రంగులు వంటింటి అలమరలకు కోరి తెప్పించు మెరైన్ ప్లైపై ఐ.ఎస్. 710 అను ముద్ర యుండును; ఆ ప్రమాణము చొప్పున పలకముక్కను 72 గంటలు ఉడికించినను పొరలు వీడరాదు. ఇంగ్లండున దానికి సాటియైనది బి.ఎస్. 1088. కాని అమెరికాలోని పెరటినిర్మాతలలో పలువురు అంత వెల పెట్టలేక, గృహనిర్మాణమునకై అమ్మిన డగ్లస్ ఫర్ ప్లైవుడ్డునే కొనిరి. దాని జిగురు జలనిరోధకమే యైనను, లోపలి పొరలలో ముడులు రాలిన ఖాళీలు దాగియుండును. ఆ ఖాళీలే నీటికి చిన్న చిన్న తొట్లు. రంగు గీకి చూచినచో డగ్లస్ ఫర్ పెద్ద పెద్ద అలలవంటి రేఖలతో, రేఖల వెంబడి సన్నని పగుళ్లతో కానవచ్చును. పలకలు 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పున వచ్చినవి గనుక, లోపలినుండి చూచినప్పుడు ప్రతి 8 అడుగులకు నొక అతుకు కనబడవలెను. వేఱొక చోట అతుకు కనబడినచో అది పాత మరమ్మతు కావచ్చునని అనుమానింపవలెను.

జిగురుగీత కాలమును తెలుపును. కీలులో ముదురు ఎఱ్ఱగోధుమ రంగు గీత కనబడినచో అది రెసార్సినాల్. యాబదియేండ్లు నీట నానినను చెక్క చీలునుగాని అది వీడదని పేరుపొందినది. లేత గోధుమవన్నె గీత కనబడినచో అది నీటిలో కలుపుకొను పొడిజిగురైన యూరియా ఫార్మాల్డిహైడ్ కావచ్చును. వేడిమియు తేమయు కూడిన చోట అది ఏండ్లు గడచినకొలది పెళుసై పొడియగును. ఇట్టి నౌకలో కంటికి సొంపుగా నున్న కీలును సైతము నమ్మరాదు. ఎపాక్సీ జిగురు గృహనిర్మాతల చేతికి విరివిగా వచ్చినది 1970 తరువాతనే. ఆ యేటనే మిషిగన్ రాష్ట్రమున గూజన్ సోదరులు అడాజియో అను 35 అడుగుల ట్రైమరాన్‌ను ఎపాక్సీతోనే అతికి, చెక్క నంతటిని ఎపాక్సీతోనే పూతపూసి నిర్మించి, కొయ్యనౌకల చరిత్రలో నొక క్రొత్త పుట తెఱచిరి. అంతకుముందటి నౌకలపై గాజుబట్టను అంటించినది సామాన్యముగా పాలియెస్టర్ రెసిన్; అది చెక్కకు గట్టిగా పట్టుకొనదు. గీకినప్పుడు ఘాటైన స్టైరీన్ వాసన వచ్చుటయే దాని గుఱుతు. దాని అంచున ఉలి జొనిపినచో గాజుబట్ట బారెడు పొడవున ఊడివచ్చుటయు, దాని క్రింద చెక్క నల్లబడి తడిగా నుండుటయు తఱచు కానవచ్చు దృశ్యము.

బలము నడచు దారి

ఒంటిపడవకు గాలి తాకిడి తగిలినప్పుడు అది ప్రక్కకు వ్రాలి కొంత తప్పించుకొనును. ట్రైమరాన్ వ్రాలదు, ఆ తాకిడి నంతయు తన కీళ్లతో భరించును. గాలిచాటునున్న ప్రక్కపడవ నీటిలోనికి అణగగా నీరు దానిని పైకి త్రోయును. గాలివైపున స్తంభమును నిలుపు ఇనుపతాడు నౌక అంచును పైకి లాగును. స్తంభము మాత్రము వాని కెదురుగా నడిమి పడవను క్రిందికి నొక్కును. కావడిబద్ద రెండు కొనల కుండలు వ్రేలాడునప్పుడు భుజము మీది చోటనే బద్ద ఎక్కువగా వంగి విఱుగుటకు సిద్ధమగునట్లు, ఇందు దిశ తలక్రిందైనను, అడ్డదూలము నడిమి పడవను కలియు చోటనే వంపు మిక్కుటమై యుండును.

అడ్డదూలము ఘనమైన దుంగ కాదు. పైనొక పట్టె, క్రిందనొక పట్టె, వాని నడుమ నిలువు ప్లైవుడ్ గోడ. ప్రక్కపడవ పైకి త్రోయబడినప్పుడు పై పట్టె నొక్కబడును, క్రింది పట్టె లాగబడును. నడిమి గోడ ఆ రెంటిని ఒకదానిపై నొకటి జాఱిపోనీయక పట్టియుంచును. దూలము లోతు రెట్టింపైనచో అవే పట్టెలు ఇంచుమించు రెట్టింపు వంపును భరింపగలవు. కావున బలము పట్టెలయందును, వాని నడిమి ఎడమునందును ఉన్నదే కాని పైకప్పిన పలకల మందమునందు లేదు. క్రింది పట్టె నడిమి పడవ గోడను చొచ్చుకొని పోవు చోట నీరు నిలిచి ఆ పట్టె పుచ్చిపోయినచో, వెలుపల ఎంత నిగనిగలాడు రంగు వేసినను ఆ నౌక ప్రమాదమునకు సిద్ధమైనట్లే.

ఈ సత్యమునకు నైజెల్ టెట్లీ అను బ్రిటిష్ నావికుని కథ నిదర్శనము. ఆయన 1968లో ఎక్కడను ఆగక ఒంటరిగా భూమిని చుట్టివచ్చు పందెమున తన ప్లైవుడ్ విక్ట్రెస్‌పై బయలుదేరి, మూడు మహాసముద్రములను దాటి, తాను పోయిన దారిని తిరిగివచ్చు దారితో కలిపెను. ట్రైమరాన్‌పై భూప్రదక్షిణము చేసిన మొదటి ఒంటరి నావికుడయ్యెను. అప్పటికే నౌక బలహీనపడియుండెను. కాని వెనుక డొనాల్డ్ క్రౌహర్స్ట్ అను మఱియొక పోటీదారుడు అదే జాతి నౌకపై తఱుముకొని వచ్చుచున్నాడని నమ్మి, టెట్లీ తెఱచాప తగ్గింపక నడపెను. క్రౌహర్స్ట్ పంపుచుండిన స్థానవివరములు కల్పితములని అప్పటికి లోకమునకు తెలియదు. 1969 మే నెలలో అజోర్స్ దీవుల సమీపమున గాలివానలో ప్రక్కపడవ ముందుభాగము విఱిగి, నడిమి పడవకు తగిలి చిల్లిచేయగా విక్ట్రెస్ మునిగిపోయెను. నావికుడు రబ్బరుతెప్ప ఎక్కి బ్రదికి బయటపడెను.

చికిత్సకు ముందు పరీక్ష

పుచ్చు సముద్రజలమువలన కన్న వాననీటివలన ఎక్కువగా కలుగును. చెక్కలోని తేమ నూటికి ఇరువది పాళ్లకు లోబడియున్నంతవఱకు శిలీంధ్రము పెరుగనేరదు. నీరు చొచ్చి, గాలి తగులక, వెచ్చగా నున్న చోట అది విజృంభించును. కావున అడుగుకన్న ముందు పైతట్టును చూడవలెను: కిటికీల చుట్టును, స్తంభము పాదమునందును, ఇనుపతాళ్లను పట్టియుంచు లోహపుబద్దల బోల్టుల చుట్టును, మూతలు బిగించి ఏండ్ల తరబడి తెఱువని ప్రక్కపడవల కొనలయందును, మధ్యఫలకపు పెట్టె మూలలయందును.

చిన్న కొయ్యసుత్తితో బెత్తెడు బెత్తెడు దూరమున తట్టుకొనుచు పోవలెను. ఆరోగ్యమైన చెక్క ఖంగున పలుకును. పొరలు వీడిన చోట ఆ ధ్వని మొద్దుబారును. అట్టి చోట్లకు సుద్దతో గీతగీసి, లోపలివైపునుండి 3 మిల్లీమీటర్ల బరమాతో ఒక రంధ్రము తొలిచి, బయటికి వచ్చు పొట్టును అఱచేతిలో పట్టి చూడవలెను. లేతరంగు పొట్టు పొడిగా, చుట్టలుగా వచ్చినచో భయము లేదు. నల్లని ముద్ద బరమాకు అంటుకొని, నేల మగ్గిన వాసన వేసినచో పుచ్చు అక్కడకు చేరినదని అర్థము. బోల్టుల విషయమున కనికరము పనికిరాదు. ఒక్కొక్క బద్దనుండి ఒక్కొక్క బోల్టును ఊడదీసి, దాని నడుమును, అది దూరిన రంధ్రపు గోడలను చూడవలెను. తలయు మరయు మెఱయుచుండగా, గాలి సోకని నడుము మాత్రము తుప్పుచే సన్నబడియుండుట స్టెయిన్‌లెస్ ఉక్కునకు తెలిసిన జబ్బు.

పునర్బలము

మొదటి మందు ఎండుట. కప్పు క్రిందనుంచి, మూతలన్నియు తెఱచి, రంగును, పట్టువదలిన గాజుబట్టను తొలగించి, చెక్కలోని తేమ నూటికి 12 పాళ్లకు దిగువకు వచ్చువఱకు వేచియుండవలెను. దీనికి వారములు గాక నెలలే పట్టవచ్చును. తడిచెక్కపై ఎపాక్సీ పూయుట రోగమును లోపల పెట్టి తలుపు మూయుట వంటి పని. పుచ్చినచోట పలుచని రెసిన్‌ను పోసి గట్టిపఱచవచ్చునను ప్రచారమొకటి కలదు. అది మెత్తబడిన చెక్కను గట్టిపఱచవచ్చునుగాని, తెగిన నారల బలమును తిరిగి ఈయజాలదు. భారము మోయు చోట దానిని నమ్మరాదు. పుచ్చును, దాని నలువైపుల నున్న అనుమానపు చెక్కను గూడ, శుద్ధమైన చెక్క కనబడువఱకు కోసివేయవలెను.

క్రొత్త ముక్కను ఎదురెదురుగా ఆనించి అతుకుట చాలదు. అంచులను ఏటవాలుగా చెక్కి, ఒకదానిపై నొకటి పొందుపఱచవలెను. వాలు ఒకటికి ఎనిమిది పాళ్లుండవలెనని నౌకానిర్మాతల నియమము: 6 మిల్లీమీటర్ల పలకకు 48 మిల్లీమీటర్ల వాలు, 9 మిల్లీమీటర్ల పలకకు 72 మిల్లీమీటర్ల వాలు. ఈ పనిలో ప్లైవుడ్డే వడ్రంగికి కొలబద్ద యగును. చిత్రిక పట్టుకొలది లోపలి పొరలు ఒకదాని వెంట నొకటి రంగురంగుల చారలుగా బయటపడును. ఆ చారలు తిన్నగా, సమానమైన వెడల్పున సాగుచున్నచో వాలు సరిగా నున్నది. ఎక్కడనైన చార ఉబ్బినను, వంకరపోయినను అక్కడ చిత్రిక ఎక్కువో తక్కువో పడినదని కన్నే చెప్పును. అతుకునప్పుడు ముందుగా పలుచని ఎపాక్సీని చెక్క త్రాగునంత పూసి, పిమ్మట చిక్కని ముద్దను పఱచి మితముగా బిగింపవలెను. మితిమీఱి బిగించినచో జిగురంతయు బయటికి పోయి కీలు ఎండిపోవును.

పలకలు కలియు మూలలలో ఎపాక్సీ ముద్దతో నునుపైన వంపు తీర్చి, దానిపై నారలు 45 డిగ్రీల వాలున నడచు గాజుపట్టీని అతికినచో, మేకులు విడిచిన బాధ్యతను ఆ మూల తిరిగి స్వీకరించును. పట్టీపై పట్టీ వేయునప్పుడు అంచులన్నియు ఒకే గీతపై ముగియనీయరాదు. అట్లు ముగిసిన గీతయే రేపటి పగులు. అడ్డదూలముల పట్టెలు దెబ్బతిన్నచో ముక్కను కాక, భారము మోయు పొడవునంతటిని, ఏటవాలు అతుకులతో పునరుద్ధరింపవలెను. బోల్టు రంధ్రములను ముందుగా పెద్దవిగా తొలిచి, చిక్కని ఎపాక్సీతో నింపి, అది గట్టిపడిన పిమ్మట దాని నడుమ బోల్టుకు సరిపడు రంధ్రమును తొలిచినచో, నీరు ఎన్నటికిని చెక్క ముఖమును చూడదు. లోపలివైపు వెడల్పైన పలకను ఆసరాగా ఉంచి బోల్టు బిగింపవలెను. ఎపాక్సీ ఎండకు చెడును. సామాన్యమైన ఎపాక్సీలు 60 డిగ్రీల వేడిమి దరిదాపుల మెత్తబడును. కావున దానిపై రంగు తప్పనిసరి, ఆ రంగు తెలుపైనచో మేలు. ఈ పని చేయువాడు చేతితొడుగులును ముక్కుముసుగును విడువరాదు. ఎపాక్సీ ఒకసారి ఒంటికి పడనిదైనచో జన్మాంతము పడకుండుట కద్దు.

బరువను శత్రువు

ఇక చేయకూడనిదానిని గూర్చి. నౌక పాతబడినది గనుక ఒళ్లంతయు మఱియొక 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ తొడిగినచో పోవునని తోచుట సహజము. లెక్క చూడుడు. అట్టి ప్లైవుడ్ చదరపు మీటరుకు సుమారు 3.6 కిలోలు తూగును. 100 చదరపు మీటర్లకు 360 కిలోలు, జిగురును మేకులును గాక. నీటిమట్టమున నడిమి పడవ వైశాల్యము 5 చదరపు మీటర్లనుకొన్నచో, ప్రతి 50 కిలోలకు నౌక ఒక సెంటిమీటరు మునుగును. అనగా ఆ తొడుగు నౌకను 7 సెంటిమీటర్లు క్రిందికి దింపును. రెక్కల అడుగుభాగము అలలకు అంత దగ్గఱయగును. ప్రతి అలయు దానిని గుద్దును. ఆ గుద్దుల నన్నింటిని భరింపవలసినవి మనము ముట్టనైన ముట్టని ఆ పాత పట్టెలే. బరువు పెరిగిన నౌక గాలికి లొంగి ముందుకు దూకదు గనుక తాళ్లపైని, కీళ్లపైని లాగుడు సైతము పెరుగును. బలమునకై చేసిన పని బలహీనతకు దారితీసిన ఉదాహరణములలో ఇంతకన్న స్పష్టమైనది లేదు. అందుచేత తెలిసినవారు ఒక చేత క్రొత్త చెక్కను ఎక్కించుచు, రెండవ చేత పాత ఇంజనును, బరువైన సామానును, అవసరములేని తొట్లను దింపివేయుదురు.

కొన్ని నౌకలను విడిచిపెట్టుటయే వివేకము. ఒకటికన్న ఎక్కువ అడ్డదూలములలో పట్టెలు పుచ్చి, కీళ్లన్నింటను పొడిజిగురు పెళుసై, నడిమి పడవ అడుగు మెత్తబడినచో, మరమ్మతు చేయుటకన్న క్రొత్తది కట్టుట సులభము. అప్పుడు స్తంభమును, తెఱచాపలను, లోహసామగ్రిని విప్పుకొని వేఱొక నౌకకు వినియోగించుట మేలు. అట్లుకాక వ్యాధి కొన్ని కీళ్లకే పరిమితమైనచో ఓర్పుగలవాని చేతిలో ఆ నౌక ఇంకను చాలకాలము బ్రదుకును. కాని ఎంత నేర్పుతో బాగుచేసినను, పటముననే చిన్నవిగా గీయబడిన ప్రక్కపడవలు పెద్దవి కానేరవు. 1960 నాటి రచన 1960 నాటిదే. దాని హద్దు నెఱిగి తీరమునకు దగ్గఱగా, తక్కువ బరువుతో నడపుటయు, గాలి హెచ్చినదని అనుమానము కలిగిన క్షణముననే తెఱచాపను తగ్గించుటయు, జిగురుకును చెక్కకును సాటియైన రక్షణలు. పైగా వానికి పైసా ఖర్చు లేదు.